మబ్బుల కోసం కొన్న పాత లాప్‌టాప్

మా పిన్నిని ఆ వీధిలో ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ, ఆమెకన్నా వయసులో పెద్దవాడైన పాలాయనకి కూడా ఆమె దుప్పట్ల పిన్నే. నాకు మాత్రం నిజంగానే పిన్ని. మా అమ్మకి చెల్లెలు.

లిఫ్టు లేని అయిదంతస్తుల పాత భవనం వాళ్లది. అడుగున వెనకవైపు రెండు గదుల్లో లాండ్రీ. ఒక గదిలో ఉతికే యంత్రాలు, రెండో గదిలో మా బాబాయి ఇస్త్రీ బల్ల. పైన మేడంతా పిన్ని తీగలు. రెండు హోటళ్ల దుప్పట్లూ, ఒక కాన్పుల ఆసుపత్రి దుప్పట్లూ అక్కడే ఆరాలి. ఆరబెట్టే యంత్రం ఒకటి ఉంది గానీ, అది కరెంటు తాగే తీరు చూసి బాబాయి దాన్ని ముసురు పట్టినప్పుడు తప్ప ముట్టుకోనిచ్చేవాడు కాదు. అందుకని పిన్ని బతుకంతా ఆకాశం మీదే ఆధారపడి ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి కిటికీలోంచి మెడ బయటికి పెట్టి చూసేది. చూసి తీర్పు చెప్పేది.

"ఇది ఉత్తుత్తి మబ్బు. కురవదు."

సగంసార్లు కురిసేది. అప్పుడు ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగదోపి అయిదంతస్తులు పరుగున ఎక్కేది, వెనక బాబాయి, ఆయన వెనక ఖాళీగా దొరికినవాళ్లందరూ. "మీ పిన్ని వాన రాదందంటే నువ్వు గొడుగు పట్టుకుని బయల్దేరు" అని బాబాయి నాకు చెబుతుండేవాడు. పిన్ని నవ్వేది గానీ లోపల ఉడుక్కునేది. ముప్ఫై ఏళ్లుగా రోజూ చూస్తున్న మబ్బు ఇంకా తనకి అంతుపట్టకపోవడం ఆవిడకి అవమానంగా ఉండేది.

ఆ భవనంలోనే కింద ముందుగదిలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. పనిచేసినన్నాళ్లూ సరుకుల ఓడల్లో రేడియో పని చేసి వచ్చినవాడు. ఓడ తాతగారు అనేవాళ్లం. గదినిండా తీగలు, సోల్డరింగు వాసన, బల్లమీద గోడంత పాత కంప్యూటరు. మోకాళ్లు అరిగిపోయి ఆయన గుమ్మం దాటడం కూడా తగ్గించేశాడు. ఒక మధ్యాహ్నం పిన్ని ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లి, ఎంతకీ తిరిగి రాలేదు. నేను ఆ రోజు కళ్లద్దాల కొట్టులో నా డ్యూటీ త్వరగా అయిపోయి వాళ్లింటికి వచ్చాను. బాబాయి పంపితే వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ దుప్పట్లు చేతిలోనే పట్టుకుని, తాతగారి తెర ముందు నిలబడి ఉంది.

తెరమీద నలుపు తెలుపుల బొమ్మ. సముద్రం నల్లగా, నేల బూడిద రంగులో, దాని మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి చింపిన దూదిలా మబ్బులు.

"ఇదెక్కడిదండీ?" అంటోంది పిన్ని.

"మన నెత్తిమీదిదే."

"పేపర్లో వచ్చిందా?"

"పేపర్లో ఎందుకొస్తుందమ్మా? నేనే పట్టాను. మోకాళ్లు బాగున్న రోజుల్లో మేడెక్కి, నీ తీగల పక్కనే నిలబడి పట్టాను. పైన ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున వాతావరణ ఉపగ్రహం తిరుగుతుంటుంది. కింద ఏం కనబడితే అది ఎప్పటికప్పుడు రేడియోలో చెప్పుకుంటూ పోతుంది. తాళం లేదు, రహస్యం లేదు. వినే చెవి ఉంటే ఎవరైనా వినొచ్చు."

"ఎవరైనానా?"

"ఎవరైనా. నిన్నెవరని కూడా అడగదు."

అప్పట్లో మేడమీద, తర్వాత పాడైపోయిన చేతి రేడియోతో రికార్డు చేసుకున్న చప్పుడు ఆయన వినిపించాడు. గుర్రం ఒకటి తీరిగ్గా నడిచిపోతున్నట్టు టక్ టక్ టక్ టక్ మని, వెనకాల సన్నగా ఈల. ఆ చప్పుడులోనే ఆ బొమ్మంతా ఉందట. పిన్ని దుప్పట్లు ఆయన మంచం మీద పెట్టడం కూడా మరిచిపోయి, వాటిని చంకలో పెట్టుకునే వెనక్కి వచ్చేసింది.

ఆ తర్వాత వారం రోజులు ఆవిడ నోట ఇంకో మాట లేదు. రేడియో గ్రాహకం తాతగారి దగ్గర ఉంది, బొటనవేలంత పుల్ల, కంప్యూటరుకి గుచ్చితే చాలు. చప్పుడుని బొమ్మగా మార్చే ప్రోగ్రాములు ఆయన కంప్యూటరుని నడిపే ఉచిత సిస్టమ్ అయిన లినక్స్‌లో ఊరికే దొరుకుతాయి. తక్కువైంది ఒక్కటే, మేడమీదికి మోసుకెళ్లగలిగే కంప్యూటరు. తాతగారి పాత పెట్టెను పైకి ఎక్కించాలంటే నలుగురు మనుషులూ, వాళ్ల నడుముల మీద ఆశ వదులుకోవడమూ కావాలి.

"ఫోన్లో నొక్కితే వాన వస్తుందో రాదో చెబుతుంది కదే. దీనికింత హంగామా ఎందుకు?" అన్నాడు బాబాయి.

"ఫోన్లో ఎవరో చూసి ఎవరితోనో చెబితే వాళ్లు మనకి చెబుతున్నారు. ఇది నేను చూడొచ్చు" అంది పిన్ని.

"చూసి?"

"చూడ్డానికే" అంది. బాబాయి నా వైపు చూశాడు. నేను ఇస్త్రీ పెట్టె వైపు చూశాను.

కొత్త లాప్‌టాప్ సంగతి తలపెట్టలేదు, అది వాళ్ల తాహతుకి మించింది. తాతగారే దారి చూపించాడు. పిన్ని చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు. "ఇందులో లినక్స్ మొత్తం ఉంది. కొట్టులో ఏ లాప్‌టాప్ నచ్చినా వెంటనే కొనకు. ముందు దీన్ని గుచ్చి ఆన్ చేయించు. లోపల ఉన్నదాన్ని తాకకుండా ఇది ఈ పుల్ల మీంచే లేచి నడుస్తుంది. వైఫై దొరుకుతోందా, చప్పుడు వస్తోందా, మూత మూసి తీస్తే మేలుకుంటోందా చూడు. మెరిసేదాని జోలికి వెళ్లకు. ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనదాన్ని పట్టుకో. అలాంటివాటిని విప్పడం తేలిక, మరమ్మతు తేలిక, లినక్స్ రాసేవాళ్లు కూడా ఎక్కువగా అలాంటివాటి మీదే రాస్తారు."

"నాలాంటిదన్నమాట" అంది పిన్ని.

"నువ్వింకా రిటైరవలేదుగా తల్లీ" అన్నాడు తాతగారు.

పాత కంప్యూటర్ల కొట్టు బస్సు స్టాండు వెనక సందులో ఉంది. లోపల ఇటుకలు పేర్చినట్టు లాప్‌టాప్‌లు పేర్చి ఉన్నాయి. ఒక మూల ఊడదీసిన మూతలు, ఇంకో మూల డబ్బాల నిండా స్క్రూలు. కొట్టు నడిపేది నలభై ఏళ్ల ఆవిడ. నుదుటి మీదికి ఎత్తిపెట్టుకున్న భూతద్దంతో మాట్లాడేటప్పుడు ఆవిడకి మూడో కన్ను ఉన్నట్టుండేది. పిన్ని ఆవిడని చూస్తూనే "అమ్మాయ్, నాకు మబ్బులు చూసే కంప్యూటర్ కావాలి" అంది.

ఆవిడ చేతిలో పని ఆపింది. నేను కల్పించుకుని సంగతంతా చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. "అంటే లినక్సా? ముందే చెప్పొచ్చుగా పిన్నిగారూ, మబ్బులనేసరికి హడలిపోయాను" అంది. అంతలోనే ఆవిడకి కూడా పిన్ని పిన్నిగారైపోయింది.

తాతగారు ఎంత చెప్పినా పిన్ని చెయ్యి ముందు మెరిసేదాని మీదికే వెళ్లింది. వెండి రంగుది, పలచగా, పళ్లెంలా తేలిగ్గా ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చడానికి దానికి సరైన కన్నమే లేదు, మధ్యలో ఇంకో ముక్క తగిలించాల్సి వచ్చింది. ఆన్ చేస్తే తెర వెలిగింది, బొమ్మ వచ్చింది. పిన్ని చప్పట్లు కొట్టబోయింది. "ఆగండి" అంది కొట్టావిడ. వైఫై గుర్తు ఉండాల్సిన చోట ఏమీ లేదు. పాట పెడితే చప్పుడు లేదు.

"పాడైందా?" అంది పిన్ని.

"లేదు. దాని సొంత సిస్టమ్ వేస్తే అన్నీ చేస్తుంది. లోపలి చిప్ ఎలా పనిచేస్తుందో చేసినవాళ్లు బయటికి చెప్పలేదు. అందుకని లినక్స్ వాళ్లకి ఇంకా దాని గుట్టు దొరకలేదు. ఇంకోటి కూడా చూడండి, దీని మెమరీ అతికించేశారు, పెంచడానికి లేదు. బ్యాటరీ పోతే మొత్తం జిగురు ఊడబీకాలి."

పిన్ని దాన్ని ఒకసారి నిమిరి, అత్తవారింటికి తిరిగి పంపేస్తున్నట్టు జాగ్రత్తగా పక్కన పెట్టింది.

రెండోది ఆటలు ఆడేవాళ్లది. లావుగా, మీటల కింద ఎర్ర దీపాలతో ఉంది. వైఫై వచ్చింది, చప్పుడూ వచ్చింది. ఫ్యాన్ చప్పుడు కూడా వచ్చింది. పిన్ని చెవి దగ్గర పెట్టుకుని "ఇది మా ఆరబెట్టే మిషన్‌కి తోడబుట్టింది" అంది. మూత మూసి తీసేసరికి తెర నల్లగా ఉండిపోయింది, ఎన్ని మీటలు నొక్కినా లేవలేదు. బొమ్మలు గీయడానికి అందులో విడిగా ఇంకో కార్డు ఉందనీ, దానితో లినక్స్‌కి అప్పుడప్పుడూ పేచీ వస్తుందనీ, కూర్చుని సర్దితే సర్దుకోవచ్చనీ కొట్టావిడ ఉన్నదున్నట్టు చెప్పింది. అమ్ముకునేవాళ్లు అలా చెప్పడం నేను ఎక్కువగా చూడలేదు.

మూడోదాన్ని ఆవిడే అడుగునుంచి లాగింది. నల్లగా, మొద్దుగా, ఒక మూల చిన్న పగులుతో ఉంది. మూత మీద సగం చిరిగిన ఆఫీసు చీటీ అంటుకుని ఉంది. మూతపడిన బీమా ఆఫీసులోంచి గంపగుత్తగా వచ్చినవాటిలో ఒకటట. పిన్ని ముఖం చిన్నబోయింది.

"బీమా ఏజెంటు సూట్‌కేసులా ఉందే" అంది నాతో గుసగుసగా.

పెన్‌డ్రైవ్ గుచ్చారు. లేచింది. వైఫై వెంటనే పట్టుకుంది. పాట పెడితే పాడింది. మూత మూసి తీస్తే, కునుకు తీసి లేచిన మనిషిలా ఎక్కడ ఆపిందో అక్కడే లేచి నిలబడింది. కొట్టావిడ దాన్ని బోర్లించి మామూలు స్క్రూ డ్రైవరుతో అడుగు విప్పి చూపించింది. మెమరీకి ఇంకో అర ఖాళీగా ఉంది. పాత తిరిగే డిస్కు తీసేసి కొత్త రకం డిస్కు ఆవిడే వేసిందట. బ్యాటరీ గడియ నొక్కితే చేతిలోకి వచ్చేస్తుంది. తెర మెరవకుండా గరుకుగా ఉంది. పిన్ని దాన్ని ఎత్తుకుని సందులో ఎండలోకి వెళ్లి నిలబడింది. మధ్యాహ్నపు ఎండలో కూడా అక్షరాలు కనబడుతున్నాయి. వెండి రంగుదాన్ని తెచ్చి పక్కన పెట్టి చూస్తే, అందులో మా ముఖాలే కనబడ్డాయి.

"మేడమీద నా ముఖం చూసుకోడానికి కాదుగా" అంది పిన్ని. అక్కడితో మూడోదే ఖాయమైంది.

ఆవిడ ఎండలోంచి లోపలికి వచ్చాక కొట్టావిడ "భాష ఏది పెట్టమంటారు?" అని అడిగి, ఒక పొడుగాటి వరస తెరిచింది. ప్రపంచంలో ఉన్న భాషలన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి. కిందికి జరుపుతుంటే, నేను ఏనాడూ వినని పేర్ల మధ్య, గుండ్రంగా, మన అక్షరాల్లో "తెలుగు" అని కనబడింది. పిన్ని వేలు పెట్టి నొక్కింది. ఒక్క క్షణం తెర ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తర్వాత తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. అమరికలు. సమయం. శబ్దం. దస్త్రాలు.

పిన్ని ఒక్కొక్కటే పైకి చదివింది. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది.

"ఇది ఎవరు రాశారమ్మాయ్?"

"చాలామంది పిన్నిగారూ. అక్కడొకరు ఇక్కడొకరు. ఒకరినొకరు చూసుకుని కూడా ఉండరు. సాయంత్రాలు ఆఫీసయ్యాక కూర్చుని రాసి, అందరికీ ఊరికే ఇచ్చేస్తారు."

"ఈ తెలుగు మాటలు కూడానా?"

"అవి కూడా. ఎవరో ఒక్కొక్క మాటా కూర్చుని మార్చుంటారు."

"ఎవరో ఏమిటి? పేరు లేదా?"

"వెతికితే ఉంటుంది. ఎవరూ వెతకరు."

పిన్ని స్టూలు మీద కూర్చుండిపోయింది. "నేను వస్తానని వాళ్లకి తెలీదుగా" అంది. "నేనొకదాన్ని ఉన్నానని కూడా తెలీదు. అయినా నా కోసం రాసి పెట్టారు." కొట్టావిడ భూతద్దం నుదుటి మీంచి తీసి తుడుచుకుంది. ఇన్నేళ్లుగా ఆ పని చేస్తున్నా తనకి ఆ సంగతి అలా తోచలేదని అంది. ఆ తర్వాత ఇద్దరూ ధర విషయం నాకు వినపడకుండా తేల్చుకున్నారు. ఇద్దరూ గెలిచిన ముఖాలతోనే బయటికి వచ్చారు. అరిగిన బ్యాటరీ తీసేసి, అదే రకం ఇంకోదానిలోంచి మంచిది తెచ్చి వేసి ఇచ్చింది ఆవిడ.

కొన్నంత తేలిగ్గా మబ్బులు రాలేదు. ఏంటెనా పిన్నే చేసింది. రెండు అల్యూమినియం చువ్వలు తాతగారు చెప్పిన పొడవుకి కోసి, చెక్క మీద రెక్కలు విప్పినట్టు బిగించి, తీగలు కట్టే స్తంభానికి కట్టింది. గ్రాహకం పుల్ల గుచ్చితే, ప్రోగ్రాము అది ఉన్నట్టే గుర్తుపట్టలేదు. పిన్ని మేడమీంచి తాతగారికి ఫోన్ చేసింది.

"దొరకట్లేదంటోందండీ."

"దొరక్కపోవడం కాదు, వేరేవాళ్లు పట్టుకుపోయారు. ఆ పుల్లని మొదట్లో టీవీ చూడ్డానికి చేశారు. సిస్టమ్ దాన్ని చూడగానే ‘ఓహో టీవీ’ అనుకుని తన దగ్గరే పెట్టేసుకుంటోంది. దాన్ని వదిలెయ్యమని ఒక ముక్క చెప్పాలి. నేను చెబుతా, మీ అక్క కూతుర్ని టైపు కొట్టమను."

ఆయన ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే నేను కొట్టాను. తప్పు కొట్టాను, మళ్లీ కొట్టాను. లాప్‌టాప్ ఆపి లేపాక పుల్ల దొరికింది. కానీ మొదటిసారి ఉపగ్రహం దాటిపోయేటప్పటికి వినబడింది ఉత్త బుస. రెండోసారి చువ్వలు తప్పు దిక్కుకి పెట్టాం. మూడోసారి సరిగ్గా సమయానికి కాన్పుల ఆసుపత్రి వాళ్లు దుప్పట్లు అత్యవసరమని వచ్చి కూర్చున్నారు. "ఆకాశంలో ఉన్నవాళ్లకి మన తీరిక తెలీదుగా" అన్నాడు బాబాయి.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం మధ్యాహ్నం. మేడమీద దుప్పట్లన్నీ తీగల మీద ఉన్నాయి. గాలి లేదు. వాటి మధ్య నీడలో బకెట్టు బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది పిన్ని. నేను పక్కన. బాబాయి మాకేమీ పట్టనట్టు తీగల క్లిప్పులు సర్దుతూ దగ్గరగా తచ్చాడుతున్నాడు. దక్షిణం వైపు నుంచి రావాలి. బుస, బుస, బుస. ఉన్నట్టుండి ఆ బుస లోపలి నుంచి, ఎంతో దూరంలో ఎవరో తలుపు తడుతున్నట్టు, టక్.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

టక్ టక్ టక్ టక్. చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ స్పష్టమైంది. తెరమీద సన్నని గీత ఒకటి పడింది. దాని కింద ఇంకోటి. మగ్గం మీద నేత దిగుతున్నట్టు గీత వెంట గీత దిగుతోంది. మొదట అంతా చుక్కలు చుక్కలుగా ఇసక చల్లినట్టుంది. తర్వాత ఇసక తేరుకుని నల్లటి నీళ్లయింది. నీళ్ల అంచున బూడిద రంగు నేల. దాని మీద తెల్లగా మబ్బు. ఉపగ్రహం దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తోంది కాబట్టి బొమ్మ తలకిందులుగా వస్తోందని తాతగారు ముందే చెప్పాడు. పిన్ని తన తలే పక్కకి వంచి చూస్తోంది. పక్కనే ఇంకో బొమ్మ కూడా దిగుతోంది, అది వేడిని చూసే కంటితో తీసినది.

బాబాయి చేతిలో క్లిప్పుల బుట్ట అలాగే ఉంది. "ఇది ఇప్పుడు... ఇప్పుడేనా?" అన్నాడు.

"ఇప్పుడే. మన మీంచే పోతోంది."

ముగ్గురం తలెత్తి చూశాం. నీలం, దాని మీద పల్చటి తెల్ల పొర తప్ప ఏమీ లేదు. ఆ నీలంలో ఏదో ఒకటి మమ్మల్ని చూసుకుంటూ పోతోంది, చూసింది చూసినట్టు చెబుతోంది, మా బకెట్టు మీది పాత పెట్టె వింటోంది. బాబాయి గొంతు సవరించుకుని "నీ దుప్పట్లు కనబడుతున్నాయేమో చూడవే" అన్నాడు. ఎవరం నవ్వలేదు. ఆయన కూడా నవ్వడానికి అనలేదనుకుంటాను. నిజంగానే వెతుకుతున్నాడు.

చప్పుడు ఉత్తరానికి పల్చబడి బుసలో కలిసిపోయింది. బొమ్మని తిప్పి నిలబెట్టాం. మా తలమీద, ఆ పొద్దున పిన్ని "ఉత్తుత్తి మబ్బు" అని కొట్టిపారేసిన తెల్లటి పొర ఒకటి ఉంది. బొమ్మలో చూస్తే అది ఎక్కడో సముద్రం నడిమధ్య నుంచి బయల్దేరి, నేలంతా దాటి, కొండల మీదికి పాకిన ఒక మహా తెల్లటి తోక. మా వీధి మీదున్నది దాని కొసలో ఒక పోగు.

పిన్ని ఆ తోక మీద వేలు పెట్టి కొస నుంచి సముద్రం దాకా జరిపింది. తర్వాత "నేనింతకాలం దీని గోరు చూసి మనిషి సంగతి చెప్పేస్తున్నానన్నమాట" అంది. ఆ మాటలో ఉడుకుమోత్తనం లేదు. పెద్ద బరువేదో దించినట్టుగా ఉంది.

ఆ సాయంత్రం సన్నగా వాన కూడా పడింది. దుప్పట్లు తడిశాయి. బొమ్మ చూస్తూ కూర్చుని తియ్యడం మరిచిపోయాం.

అప్పటి నుంచి వీలైనప్పుడల్లా ఆవిడ మబ్బులు పట్టేది. వాటితో వాన సంగతి ముందుగా చెప్పడం ఆవిడకి పెద్దగా అబ్బలేదు, ఇప్పటికీ అబ్బలేదు. కానీ మనిషి మారింది. మబ్బు పట్టగానే విసుక్కోవడం మానేసింది. "ఎంత దూరం నుంచి వచ్చిందో పాపం" అనేది. ఆసుపత్రి నుంచి దుప్పట్లు తెచ్చే ఆయాలకి కూర్చోబెట్టి చూపించేది. పట్టిన ప్రతిదాన్నీ లాప్‌టాప్ చంకన పెట్టుకుని కిందికి తెచ్చి తాతగారికి చూపించేది. ఆయన తీరాన్ని వేలితో రాస్తూ, ఇక్కడ మా ఓడ ఆగేది, ఇక్కడ చేపలు డెక్ మీదికి ఎగిరిపడేవి అని చెప్పేవాడు.

రెండో ఏడు ఒక ఉదయం పిన్ని నాకు ఫోన్ చేసి "రా" అంది. ఎందుకో చెప్పలేదు. కళ్లద్దాల కొట్టులో సెలవు చెప్పి వెళ్లాను. తాతగారి గదిలో పిన్నీ బాబాయీ నిలబడి ఉన్నారు. తాతగారు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెరమీద సముద్రం కనబడటం లేదు. దాని చోట ఒక తెల్లటి సుడి ఉంది. చేతులు విప్పి తన చుట్టూ తాను తిరుగుతున్నట్టున్న సుడి. పక్కనున్న తీరం దాని ముందు దారప్పోగులా ఉంది. సరిగ్గా దాని నడిమధ్య సూదితో పొడిచినట్టు ఒక నల్లటి చుక్క.

"తుపాను" అన్నాడు బాబాయి, గట్టిగా అంటే అది వింటుందేమో అన్నట్టు.

తాతగారు ఆ చుక్క మీద వేలు పెట్టాడు.

"నేను ఇందులో ఉన్నానమ్మా" అన్నాడు.

"ఎందులో?"

"ఇలాంటిదాని కంట్లో. నాకు పాతికేళ్లప్పుడు. రెండు రోజులు ఓడ నిలువునా లేచి పడింది. నా కుర్చీని నేలకి కట్టేసి, నన్ను కుర్చీకి కట్టేసుకుని, గాలి ఎంత, ఒత్తిడి ఎంత అని పంపుతూనే ఉన్నాను. ఎవరైనా వింటున్నారో లేదో తెలీదు. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తలుపు తీసి బయటికి వచ్చాం. తల మీద నీలంగా గుండ్రటి ఆకాశం. బావి అడుగు నుంచి పైకి చూస్తే ఎలా ఉంటుంది, అలా. చుట్టూ నాలుగు వైపులా మబ్బు గోడలు, ఎంత ఎత్తో చెప్పలేను. ఎండ ఆ గోడల మీద పడుతోంది. డెక్ నిండా పక్షులు. ఎక్కడివో పిట్టలు, కొంగలు, సీతాకోకచిలకలు కూడా. గాలి వాటిని లోపలికి తోసేసింది, బయటికి పోలేక మాతోపాటే తిరుగుతున్నాయి. మనుషులంటే భయం లేదు వాటికి. ఒక పిట్ట వచ్చి నా భుజం మీద కూర్చుంది. మా కెప్టెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత అవతలి గోడ మా మీదికి వచ్చింది."

ఆయన తెరని కొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"యాభై ఏళ్లయింది. లోపలి నుంచే చూశాను. అదెలా ఉంటుందో, నేనెక్కడ నిలబడ్డానో ఇవాళ చూస్తున్నాను." తెర మీద ఆ చిన్న నల్లటి చుక్కని మళ్లీ తాకాడు. "ఇంత ఉంది. ఇందులో నేనూ, ఓడా, ఆ పిట్టలన్నీ."

పిన్ని ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. చీర చెంగుతో కళ్లు తుడుచుకోలేదు, కన్నీళ్లని అలాగే ఉండనిచ్చింది. "ఆ పిట్టలేమయ్యాయి తాతగారూ?" అని అడిగింది.

"కొన్ని మాతోపాటే బయటపడ్డాయి. మర్నాడు నేల కనబడగానే లేచి వెళ్లిపోయాయి."

తుపాను మా వైపు రాలేదు. తీరానికి చాలా ఎగువన, జనం లేని చిత్తడి నేలల మీదికి ఎక్కి చప్పబడిందని రేడియోలో చెప్పారు. మాకు రెండు రోజుల గాలీ, పల్చటి వానా. బాబాయి అడగకుండానే ఆరబెట్టే యంత్రం ఆన్ చేశాడు. పిన్ని మాత్రం ఆ రెండు రోజులూ ఎప్పుడు వీలు దొరికితే అప్పుడు మేడ తలుపు సందులో నిలబడి, ఉరుకుతున్న మబ్బుల్ని చూస్తూ ఉండిపోయింది. అవి ఆ తుపాను ఏ చేతి కొసలో నాకు చెప్పాలని చూసేది. చెప్పలేక నవ్వేది.

తర్వాత కొన్నేళ్లకి ఆ పాత ఉపగ్రహాల పని అయిపోయిందని, ఒకదాని తర్వాత ఒకటి ఆపేస్తున్నారని తాతగారు చెప్పాడు. చివరిదాన్ని ఆపేశాక కూడా పిన్ని దాని సమయానికి ఒకసారి మేడెక్కింది. నేనూ వెళ్లాను. బుస తప్ప ఏమీ వినబడలేదు. ఆవిడ ఆ బుసనే, అది దాటిపోవాల్సినంతసేపూ విని, "అనుకున్నదానికన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ పనిచేసిందట. ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు" అంది, తనతో కలిసి పనిచేసినవాళ్ల గురించి చెప్పినట్టు.

వాటి తర్వాత వచ్చిన కొత్త ఉపగ్రహం భాష వేరు. టక్ టక్ లేదు, రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టుంటుంది. దానికి వేరే ప్రోగ్రాము కావాలి, బొమ్మ రంగుల్లో వస్తుంది, మరింత వివరంగా ఉంటుంది. కొట్టావిడ ఖాళీ అరలో ఇంకో మెమరీ ముక్క పెట్టి ఇచ్చింది. తాతగారు కొత్త ప్రోగ్రాము గురించి చదువుతూ, అర్థంకాని చోట ఆ రాసినవాళ్లనే అడుగుతూ ఉన్నాడు. మొన్న వెళ్లినప్పుడు పిన్ని మేడమీద ఏంటెనా చువ్వలు మళ్లీ సర్దుతోంది. బాబాయి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకొంచెం ఎడమకి" అంటోంది పిన్ని.

"ఎడమంటే నా ఎడమా, నీ ఎడమా?"

"దాని ఎడమ" అంది పిన్ని, ఖాళీగా ఉన్న ఆకాశాన్ని చూపిస్తూ.